బహ్లా పచ్చి ఇటుక

ఒమన్‌లోని బహ్లా ఒయాసిస్‌కు వెళ్లినవారి కళ్లు ముందు కోట బురుజుల మీదికే పోతాయి. నా చూపు మాత్రం గోడ దగ్గరే ఆగిపోయింది. రాతి పునాది మీద, బట్టీలో కాలని పచ్చి ఇటుక. 12 నుంచి 15వ శతాబ్దం చివరిదాకా ఇక్కడ ఏలిన నబ్హానీల పేరు చరిత్రలో ఉంది. ఇటుక కోసినవాడి పేరు లేదు.

మట్టి నానబెట్టి, గడ్డి పరకలు కలిపి, కాళ్లతో తొక్కి, చెక్క అచ్చులో పోసి ఎండబెట్టడం. చెప్పుకుంటే ఇంతే. మర్మమంతా పాళ్లలో ఉంది. బంకమన్ను ఎక్కువైతే ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. ఇసుక ఎక్కువైతే అంచులు రాలిపోతాయి. గడ్డి ఆ పగుళ్లను పెరగనివ్వదు. తడి ముద్దను పిడికిట్లో నొక్కి పాళ్లు చెప్పగల చేతిని నేను ఏ ఇంజనీరు కన్నా తక్కువగా చూడను. మందమైన మట్టి గోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చి రాత్రికి వదులుతుంది; ఎడారిలో అంతకన్నా ఏం కావాలి! మన పల్లెల్లో మట్టి గోడల ఇంట్లో వేసవి గడిపినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

వాన మాత్రం దీనికి పగ. పూత పోయిన చోట మళ్లీ మెత్తకపోతే గోడ కరిగిపోతుంది. 1987లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ కోట, మరుసటి ఏడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేరింది. మరమ్మతుల తర్వాత 2004లో ఆ జాబితా నుంచి బయటపడింది. ఆ మరమ్మతుకూ మట్టిపని తెలిసిన చేతులే కావలసి వచ్చాయి.