గరిమెళ్ళ పాటలో హాస్యము

గరిమెళ్ళ సత్యనారాయణగారి పేరు తలచినంతనే ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ స్ఫురించును. జాతీయోద్యమమును గూర్చి వ్రాసినవారు ఆ పాటను దేశభక్తికి నిదర్శనముగా పేర్కొని విడుచుట పరిపాటి. అది నవ్వించు పాట యను సంగతి విమర్శకుల దృష్టిని అంతగా ఆకర్షింపలేదని మాకు తోచుచున్నది. ఆ నవ్వు ఎచ్చట పుట్టుచున్నదో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

గరిమెళ్ళవారు 1893లో నేటి శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతమందలి గోనెపాడులో జన్మించిరి. విజయనగరమున చదివి, కొంతకాలము ఉపాధ్యాయులై, రాజమహేంద్రవరమున శిక్షణ పొందుచు దానిని విడిచి సహాయ నిరాకరణోద్యమమున చేరిరి. పాట కట్టినవారును, గొంతెత్తి వీధులలో పాడినవారును వారే. ఆ పాటకు 1922లో ఏడాది కఠినశిక్ష పడెను. విడుదలయై మరల పాడగా మరల చెఱ తప్పలేదు.

ఈ పాటకు ఆయువుపట్టు ‘అండీ’ యను చిన్న మాట. పాదములు తఱచుగా దీనితోనే ముగియును. ఇది తాళము నింపుటకు వచ్చిన ఊతపదము కాదు. ‘వస్తాడండీ’ యను మన నిత్యవ్యవహారమును చూడుడు. ఇందలి ‘డు’ చెప్పబడువానికిని, ‘అండీ’ వినువారికిని చెందును. దొరను గూర్చి చెప్పునపుడు గరిమెళ్ళవారి క్రియలు ఈ తీరున నడచును. దొరకు ఏకవచనము, వీధిలో నిలిచి వినుచున్న రైతునకు, కూలికి మన్ననవాచకము. కచ్చేరీలో ఏనాడును మన్నన నెఱుగనివారికి పాటలో అది దక్కినది. దానిని హక్కుగా పొందువానికి తప్పినది. ఇంత తిరుగుబాటు ఒక్క క్రియాపదములో ఇమిడినది.

ఇక ధోరణి. పంటలున్నను ఆకలి తీరకపోవుట, ఉప్పు ముట్టుట దోషమగుట, మాటకును పాటకును అడ్డు వచ్చుట — ఇవి ఇందలి ఫిర్యాదులు. ఉప్పు సత్యాగ్రహము 1930 నాటిది. గరిమెళ్ళవారు అంతకు ముందే ఉప్పును పాటకెక్కించిరి. రాజనీతి సిద్ధాంతముల జోలికి పోక, అరుగు మీద కూర్చుండి ఇరుగుపొరుగుతో ఇంటి పోరు వెళ్ళబోసికొనువానివలె కవి మాటలాడును. ‘మాకొద్దు’ అనునది విస్తరిపై చేయి అడ్డుపెట్టి వడ్డించువానితో అను మాట. ఆ మాట ముందు మహాసామ్రాజ్యము, పిలువకుండ వచ్చి కదలని చుట్టమంతకు దిగిపోవును. హాస్యము ఇచ్చటనే కలదు.

‘కన్యాశుల్కము’ 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన విజయనగరమును, వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) పుట్టిన శ్రీకాకుళ ప్రాంతమును ఈ సందర్భమున స్మరింపదగును. గరిమెళ్ళవారు వారిని అనుకరించిరని మా వాదము కాదు. జీవద్భాషలోని మర్యాద, ఎకసెక్కెము ఎంత దగ్గఱగా నుండునో ఈ సీమ సాహిత్యము బాగుగా నెఱుగునని మాత్రమే మా అభిప్రాయము.

ఈ పాటలో లోపము లేదనలేము. పుటమీద చదువునపుడు ఫిర్యాదుల పట్టికవలె సాగి, ఒకే వాక్యనిర్మాణము విసుగు పుట్టించును. కాని ‘అండీ’ యనునది ఎదుటివాని ‘ఊఁ’ కొఱకు ఎదురుచూచు మాట. వినువారు లేనిచోట అది సగము పాటయే. తెలుగు రాని ఆంగ్ల అధికారి యొకడు ఈ పాటను పాడించుకొని విని, అర్థము తెలియకున్నను దీని బలము తెలిసినదనెనని ఒక కథ ప్రచారములో నున్నది. అది నిజమైనచో, ఆయన విన్నది వరుసను మాత్రమే. తనకు జరిగిన అమర్యాద, పక్కనున్న బంట్రోతునకు దక్కిన మర్యాద ఆయన చెవిని పడియుండవు.

గరిమెళ్ళవారు 1952లో మద్రాసున పేదరికములో కన్నుమూసిరి. వారి పాట పాఠ్యగ్రంథములలో నిలిచినది. కాని అచ్చులో దాని నవ్వు సన్నగిల్లుచున్నది. కావున పరిశోధక విద్యార్థులు అచ్చుప్రతులతో తృప్తిపడక, ఈ పాటను ఇంకను పాడువారిని శ్రీకాకుళ విజయనగర మండలములలో వెదకి, ఎచ్చట ఆగుదురో, ఏ ‘అండీ’ని సాగదీయుదురో, వినువారు ఎచ్చట నవ్వుదురో గుర్తించి భద్రపఱచవలెను. ఆ పని జరుగక ముందు ఈ పాటను ఉద్యమ చరిత్రకు వదలివేయుట, ఒక మంచి హాస్యకవిని పోగొట్టుకొనుటయే యగునని మేము తలంచుచున్నాము.