ఆకురాయి కింద ఏరియల్

మా నాన్నగారి బుల్లెట్‌కి మెయిన్ స్టాండు వేయడం పదహారేళ్లు వచ్చేదాకా నాకు చేతకాలేదు. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక గ్రిప్పు పట్టుకుని బండిని పైకి లాగబోయేవాణ్ణి. నడుం పట్టేసేది తప్ప బండి కదిలేది కాదు. ఓ సాయంత్రం వీధి చివరి మెకానిక్కు ఈ తంటా చూసి, “ఎత్తమాకు బాబూ, స్టాండు మీద నిలబడు, అదే వస్తది” అన్నాడు. మెట్టు ఎక్కినట్టు స్టాండు మీద కాలేసి నిలబడ్డాను. 160 కిలోల పైచిలుకు ఇనుము బుద్ధిగా వెనక్కి జరిగి కూర్చుంది.

ట్రయల్స్ ఆటలో బండి బరువు అంత ముఖ్యమా అని ఎవరైనా అడిగితే నాకు ఆ స్టాండే గుర్తొస్తుంది. బండి బరువెంతో తెలిస్తే సగమే తెలిసినట్టు. నడిపేవాడి బరువు ఆ క్షణాన ఎక్కడుందో కూడా తెలియాలి.

మోటార్‌సైకిల్ ఆటల్లో ట్రయల్స్ అంత నిదానమైనది ఇంకోటి లేదు. వాగులో బండరాళ్లు, నాచు పట్టిన వేళ్లు, నిట్టనిలువు గట్లు, ఇలా మామూలు మనిషి నడవడానికే తడబడే చోట కొంత మేర హద్దులు కడతారు. దాన్ని సెక్షన్ అంటారు. అది దాటేంతసేపూ కాలు నేలకి తగలకూడదు. పాత లెక్కలో ఒకసారి కాలు దించితే 1 మార్కు, అంతకు మించి దించితే 3, ఆగినా పడినా 5. ఇప్పుడు రెండోసారికి 2 అని ఒక మెట్టు కలిపారు. ఇవన్నీ తప్పుల మార్కులే కాబట్టి ఎవరికి తక్కువ పడితే వాళ్లదే గెలుపు. పక్కనే పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా ఒకాయన నిలబడి కాళ్లకేసి చూస్తుంటాడు.

ఈ ఆటకి కాశీ లాంటి చోటు స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియమ్. ఏటా మే నెలలో అక్కడ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ జరుగుతుంది. ఆరు రోజులు, రోజుకి వంద మైళ్ల దాకా కొండలూ బురదనేలలూ తిరుగుతూ మధ్యమధ్య సెక్షన్లు దాటాలి. 1952లో, 1957లో అది గెలిచిన జానీ బ్రిటన్ ఎక్కింది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్! మన ఊళ్లో పాలక్యాన్లు మోసిన బుల్లెట్టూ అదీ ఒకటే అనను. పోటీకని విడిగా తయారుచేసిన బండి అది. కాకపోతే ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు.

నేను చెప్పదలచుకున్న బండి వేరే ఉంది. ఏరియల్ హెచ్‌టీ5. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ సెల్లీ ఓక్‌లో పుట్టింది. 500 సీసీ, ఒకే సిలిండరు, ఫోర్ స్ట్రోకు. ఈ రకం బళ్లలో ఒకదాని నంబరు జి.ఓ.వి. 132. మన దగ్గరైతే సర్కారు బండి అనుకుని దారి ఇచ్చేస్తాం గానీ, అక్కడ ఓ.వి. అంటే బర్మింగ్‌హామ్ రిజిస్ట్రేషన్, అంతే. బెల్‌ఫాస్ట్‌లో 1933లో పుట్టిన శామీ మిల్లర్ అనే రైడరు 1950ల చివర నుంచి 1964 దాకా ఈ ఒక్క బండిని పట్టుకుని ఇంగ్లండ్‌లో గెలవదగ్గ పోటీలన్నీ గెలిచాడు. స్కాటిష్ సిక్స్ డేస్ కూడా 1962లో, 1964లో దీని మీదే. ఏరియల్ కంపెనీ 1959లోనే ఫోర్ స్ట్రోకు బళ్లు కట్టడం మానేసింది. మిల్లర్ మాత్రం మానలేదు. కంపెనీ వదిలేసిన డిజైనుని తన షెడ్డులో ఏటేటా కొంచెం కొంచెంగా మళ్లీ కడుతూ పోయాడు.

షోరూములోంచి వచ్చిన హెచ్‌టీ5 దాదాపు 130 కిలోలు. మిల్లర్ చేతుల్లో అది చివరికి 110 కిలోల దాపుకి దిగింది. మన సిలిండరు గ్యాసుతో నిండుగా వచ్చినప్పుడు దాదాపు 30 కిలోలు తూగుతుంది. అందులో మూడింట రెండొంతుల బరువుని, బండి బలం చెడకుండా, కాస్త ఆకురాయితో రాసీ, కాస్త లోహం మార్చీ తీసేశాడన్నమాట.

అతని పనితనం ఎక్కువగా కనపడేది ఫ్రేములో. పాత ఫ్రేము తీసేసి రెనాల్డ్స్ 531 గొట్టాలతో కొత్తది కట్టించాడు. ఈ 531 మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు. మంచి సైకిళ్లు తొక్కినవాళ్లకి ఆ స్టిక్కరు గుర్తుండే ఉంటుంది. మామూలు ఉక్కు గొట్టానికి ఉండే బలం ఇందులో పలచని గోడకే వస్తుంది. గోడ పలచనైతే బరువు తగ్గుతుంది, నిజమే. అయితే పలచని గొట్టాన్ని అతకడమే అసలు పని. ఎడాపెడా వెల్డింగు పెట్టి ఎర్రగా కాలిస్తే అతుకు పక్కన లోహం పెళుసుబారి, రాయి దెబ్బకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకే 531 పనివాళ్లు సాధారణంగా ఉక్కుని కరిగించకుండా తక్కువ వేడిలో ఇత్తడి జాతి లోహాన్ని కరిగించి మూలల్లో పోస్తారు. చక్కగా కుదిరిన అతుకు దగ్గర రెండు గొట్టాలు కలిసే మూల పదునుగా ఉండదు. వేలితో తడిమితే ఒక గొట్టం మీంచి ఇంకో గొట్టం మీదకి జారిపోతుంది. తాతలనాటి ఇత్తడి బిందె మెడ దగ్గర వేలు ఎలా జారుతుందో అలా. చూడ్డానికి సొగసు, పైగా దెబ్బ తగిలితే ఆ ఒత్తిడి ఒక్కచోట ఆగకుండా రెండు గొట్టాలకీ పంచుకుపోతుంది.

ట్యాంకుని ఫైబర్‌గ్లాసుతో చేయించాడు. బరువు తగ్గించడానికి ట్యాంకు మీద పడ్డాడేం అని అడగొచ్చు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. సెక్షన్లో బండి పక్కలకి ఊగేటప్పుడు దాదాపుగా ఫుట్‌రెస్టుల దగ్గరి ఇరుసు చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ ఇరుసు నుంచి జానెడు దూరంలో ఉన్న కిలో ఊపుకి ఎంత ఎదురుతిరుగుతుందో, మూడు జానెల దూరంలో ఉన్న కిలో దానికి తొమ్మిది రెట్లు ఎదురుతిరుగుతుంది. దూరం మూడింతలైతే మొండితనం తొమ్మిదింతలు. కాబట్టి హ్యాండిలు, ట్యాంకు పైభాగం, మడ్‌గార్డు కొసల దగ్గర వంద గ్రాములు తీస్తే, ఇంజను అడుగున అర కిలోకి పైగా తీసినంత ఫలితం. కాటాకి కిలో ఎక్కడున్నా కిలోనే. రైడరు భుజాలకి అలా కాదు.

మరి 20 కిలోలు తీసినందుకు మిల్లర్‌కి దక్కిందేమిటి? కాగితం మీద ఒక బొమ్మ వేసుకుందాం. బండి రాయి అంచు మీంచి ఎగిరి ఒక్క క్షణం గాల్లో ఉంది. పట్టుకోవడానికి నేల లేదు. రైడరు తన ఒంటిని బండికి ఒక పక్కగా 40 సెంటీమీటర్లు జరిపితే, బండి తనంతట రెండో పక్కకి కొంత జరుగుతుంది. ఎవరు ఎంత జరగాలన్నది ఇద్దరి బరువులే పంచుకుంటాయి. రైడరు 65 కిలోలు, బండి 130 అయితే బండి జరిగేది 13 సెంటీమీటర్ల చిల్లర. బండి 110కి దిగితే దాదాపు 15. అంత తపస్సుకి లాభం ఒకటిన్నర సెంటీమీటర్లు! నవ్వొస్తుంది గానీ, టైరు రాయి అంచు మీద నిలబడుతుందా పక్కకి జారుతుందా అన్నది తేలేది ఆ ఒకటిన్నరలోనే. ఇప్పటి ట్రయల్స్ బండి 70 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. దాన్ని ఇదే లెక్కలో పెడితే 19 సెంటీమీటర్లు దాటుతుంది. మనిషీ బండీ సరిసమానమయ్యారు. ఈ కాలం కుర్రాళ్లు వెనక చక్రం మీద కప్పల్లా గెంతుతూ నిలువు బండలెక్కడం వెనక ఉన్న రహస్యంలో పెద్ద ముక్క ఇదే.

బరువు తగ్గితే పట్టు పోతుందని చాలామంది భయం. బరువైన బండే రాళ్లని నొక్కిపట్టి ఎక్కుతుందని పాత రైడర్లు గట్టిగా వాదించేవాళ్లు. లెక్క చూస్తే అందులో సగమే నిజం. బండి తేలికైతే టైరు నేలని నొక్కే బలం తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు బండిని గట్టు ఎక్కించడానికి కావలసిన తోపుడూ అంతే తగ్గుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. అసలు పట్టు పుట్టేది బరువుని ఏ క్షణాన, ఎటు ఒత్తామన్న దాంట్లో. తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూడండి. మోకు మీద వెనక్కి వాలి తన ఒంటి బరువుతోనే పాదాల్ని చెట్టుకేసి నొక్కుకుంటాడు. చెట్టుకి అతుక్కున్నట్టు ముందుకు వంగితే ఆ నొక్కుడు పోయి పాదం జారుతుంది. ట్రయల్స్ రైడరు కూడా వెనక టైరు రాయిని తాకే వేళకి మోకాళ్లు ముడిచి ఒక్కసారిగా నిటారై ఆ టైరు మీద తొక్కుతాడు. బండి తేలికైన కొద్దీ మొత్తంలో అతని ఒంటి వాటా పెరుగుతుంది కాబట్టి ఆ తొక్కుడు ఫలితం కూడా పెరుగుతుంది. పైగా తేలికబండికి టైర్లో గాలి బాగా తగ్గించుకోవచ్చు. మనం రోడ్డు బండికి వెనక 30 పాయింట్లకి అటూ ఇటూ కొట్టిస్తాం. వీళ్లు 4, 5 పాయింట్లతో తిరుగుతారు. టైరు మెత్తబడి రాయిని పిండిముద్దలా చుట్టుకుంటుంది. బరువుబండితో ఈ ఆట ఆడితే రిమ్ము రాతికి కొట్టుకుని సొట్టపోతుంది.

బరువు నిజంగా ఏడిపించేది సెక్షన్లో కంటే బయటే అని నా అనుమానం. ఆరో రోజు మధ్యాహ్నం, కొండమీద తొక్కితే మోకాటిదాకా దిగే బురదనేల, అందులో ఇరుసుదాకా కూరుకుపోయిన బండి. లాగేది రైడరు ఒక్కడే. అక్కడ 20 కిలోలంటే 20 కిలోలే, ఏ సూత్రమూ అక్కర్లేదు. ఆ లాగుడుకి వణికిన చేతులతో తర్వాతి సెక్షన్లో క్లచ్చు లీవరుని ఒక్క వేలితో వెంట్రుకవాసి వదలాలి.

ఇంత చెప్పాక ఎదురు సాక్షిని కూడా పిలవాలి. 1961లో స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచిన గోర్డన్ జాక్సన్‌ది ఏజేఎస్ 350. అదీ ఆ కాలపు బరువైన సింగిల్ సిలిండరు బండే. ఆరు రోజుల పోటీ మొత్తానికి ఆయనకి పడినది ఒకే ఒక్క మార్కు. అంటే వారమంతా కలిపి ఒక్కసారి కాలు దించాడు. ఆ ఒక్కసారీ ఎవరో కెమెరా నొక్కారు కూడా. ఆ ఫొటో చూసినప్పుడల్లా పైన వేసిన లెక్కలన్నిటి మీదా నాకు కాస్త అనుమానం వస్తుంది.

మిల్లర్‌కి మాత్రం అనుమానం లేదు. ఏరియల్‌లో తీయదగ్గ బరువంతా తీసేశాననీ, ఇక మిగిలింది ఇంజనేననీ అతనికి తెలుసు. 500 సీసీ ఇంజనుని ఎంత రాసినా 250 అవదు. 1964 చివర్లో అతను స్పెయిన్ వెళ్లాడు. మోంటెసా కంపెనీ నుంచి విడిపోయి 1958లో బుల్టాకో పెట్టిన పాకో బుల్టో పిలిచాడు. పన్నెండు రోజుల్లో మిల్లర్ అక్కడ బండికి రూపం కుదిర్చాడని చెప్పుకుంటారు. అదే షెర్పా టీ. 244 సీసీ టూ స్ట్రోకు, బరువు 90 కిలోల పైచిలుకు. ఏరియల్ మీద ఏళ్ల తరబడి ఆకురాయి పట్టి తీసిన బరువంత బరువు ఇక్కడ పుట్టుకతోనే లేదు. 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ దాని మీదే గెలిచాడు. బ్రిటన్‌లో తయారుకాని బండి ఆ పోటీ గెలవడం అదే మొదలు. 1967లో, 1968లో మళ్లీ గెలిచాడు. నాలుగేళ్లు తిరక్కుండా బ్రిటిష్ పెద్ద సింగిళ్ల కాలం చెల్లిపోయింది. ఏరియల్ మీద అతను చేసిందంతా ఈ పన్నెండు రోజులకి సాధన అనిపిస్తుంది నాకు. ఏ బరువు ఎక్కడ అడ్డొస్తుందో ఒక్కొక్క గ్రామూ తీసి చూసినవాడికి, మొదట్లోనే దాన్ని పెట్టకుండా ఉండటం ఎంత పని?

తర్వాత కథ ఇంకా తేలికబడింది. సీటు పోయింది, ట్యాంకు రెండు లీటర్ల చిల్లరకి కుంచించుకుపోయింది, ఇంజను మూతలు మెగ్నీషియం అయ్యాయి. అయినా తేలికైనదే గెలుస్తుందన్న రూలేమీ కుదరలేదు. స్పెయిన్ రైడరు టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఏటా ప్రపంచ చాంపియనే, ఆరుబయటా, ఇండోర్‌లోనూ. ఆ ఏళ్లలో అతనెక్కిన మోంటెసా ఫోర్ స్ట్రోకు. షోరూము లెక్కల్లో ఎదుటివాళ్ల టూ స్ట్రోకుల కంటే కొన్ని కిలోలు ఎక్కువే తూగే జాతి. ఆ కిలోలకి బదులుగా ఇంజను మెత్తగా, నమ్మకంగా లాగుతుంది.

ఆ మెత్తదనం దగ్గరే నాకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఉంది. ఏరియల్‌లో పిస్టను నడిచే దూరం 95 మిల్లీమీటర్లు, లోపల బరువైన ఫ్లైవీలు. ఆ ఇంజను పరుగెత్తదు, తీరిగ్గా అడుగులేస్తుంది. దబ్‌మని ఒక తోపుడు, కాస్త విరామం, మళ్లీ ఒక తోపుడు. ఆ విరామంలో టైరు నేలని మళ్లీ పట్టుకుంటుందని రైడర్ల నమ్మకం. నేటి తేలిక ఇంజన్లలో ఆ నిదానం తక్కువ. యాక్సిలరేటరు కొంచెం ఎక్కువ తిప్పితే చాలు, తడి రాయి మీద చక్రం గిర్రుమని తిరిగిపోతుంది. అందుకే మార్కెట్లో ఫ్లైవీలుకి తగిలించుకునే ఉక్కు రింగులు అమ్ముతారు, ఊరికే బరువు కోసం. టైటానియం బోల్టులకి డబ్బు పోసి గ్రాములు గ్రాములుగా బరువు తీయించుకున్నవాడే, ఓ ఆదివారం పొద్దున ఇంజను పక్క మూత విప్పి, ఆ రింగుని ఫ్లైవీలుకి బిగిస్తాడు. కిక్కు కొట్టి, మెల్లగా క్లచ్చు వదిలి, పెరట్లో తడిపిన బండరాయి మీద ఒకసారి ఎక్కించి చూసుకుంటాడు. చక్రం జారదు. తృప్తిగా తల ఊపి, మూత మళ్లీ పెట్టి, నాలుగు బోల్టులూ బిగిస్తాడు. అవి టైటానియంవే.