శ్రీహరికోట దృశ్యము — రసాశ్రయ విచారము

అద్భుతరసము వీరమునుండి పుట్టునని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. ఈ మాటను రంగస్థలమునకే పరిమితము చేయనక్కఱలేదని శ్రీహరికోటను చూచినప్పుడు మాకు తోచినది. పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఈ ద్వీపమునుండి రాకెట్టు లేచునపుడు చూచువారికి కలుగునది అద్భుతమే. దాని వెనుకనున్నది ఏండ్లతరబడి సాగిన కృషి, అనగా ఉత్సాహము స్థాయిగా గల వీరము. ఇంతవరకు భరతుని మాట చెల్లినది. ఈ దృశ్యము రాజకీయములోనికి ప్రవేశించునప్పుడు మాత్రము రసమునకు ఆశ్రయము మారుచున్నది. ఆ మార్పే ఇచట మాకు విచారణీయము.

పూర్వము జనులు ఎక్కడ వీలైన అక్కడ నిలిచి చూచెడివారు. 2019లో ఐదువేలమంది కూర్చుండదగిన వీక్షణశాల ఏర్పడినది. ప్రేక్షాగృహలక్షణమును భరతుడు రెండవ యధ్యాయముననే చెప్పుట ఊరక కాదు. చూచుటకు చోటు కుదిరిననే గాని జనసమూహము సామాజికులు కాజాలదు. ప్రయోగమునకు ముందు అధికారులు తిరుమలలోను, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలోను పూజలు చేయుటను కొందఱు ఎత్తిపొడుతురు. మాకది నాంది వలె తోచును; నాటకము మంచిచెడ్డలు నాందిచేత నిర్ణయింపబడవు గదా.

2019 జూలై 15 వేకువజామున చంద్రయాన్-2 ప్రయోగమునకు ఇంక 56 నిమిషముల 24 సెకండ్లు మిగిలియుండగా లెక్క ఆగినది. సాంకేతికలోపము బయటపడినది. రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ అప్పుడు శ్రీహరికోటలోనే యుండిరి. రాష్ట్రపతి వచ్చిరని గాని, జనము కూడినదని గాని చూడక ప్రయోగమును నిలిపివేసిరి. సామాజికులకది రసభంగము. మా దృష్టిలో మాత్రము ఆ రాత్రి శ్రీహరికోటలో వీరము తన నిజరూపమున కనబడినది. జూలై 22న రాకెట్టు లేచినది.

ఆ కథకు తరువాతి యంకము బెంగుళూరులో జరిగినది. సెప్టెంబరు 7 తెల్లవాఱక మునుపు విక్రమ్ ల్యాండరుతో సంబంధము తెగిపోయినది. ఉదయము సంస్థాధ్యక్షుడు కె. శివన్ కన్నీరు పెట్టుకొనగా ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆయనను కౌగిలించుకొనిరి. దేశమంతయు చూచిన దృశ్యమది. ఎవరియందు భావము పుట్టునో వారు ఆశ్రయము; ఎవరిని గూర్చి పుట్టునో వారు ఆలంబనము. కౌగిలికి ముందు శోకమునకు ఆశ్రయము శాస్త్రవేత్త, ఆలంబనము పోయిన యంత్రము. కౌగిలి తరువాత ఆశ్రయము నాయకుడు, శాస్త్రవేత్త ఆలంబనమాత్రుడైనాడు. యంత్రము దృశ్యమునుండియే తొలగిపోయినది. ఏడ్చువానిని ఓదార్చుట మానవధర్మము, దానితో మాకు వివాదము లేదు. రసానుభవమున భావము ఏ యొక్కనికిని చెందక సాధారణీకృతమగునని భట్టనాయకుడు చెప్పగా, ఇచట అందఱి భావమును ఒక్కని సొత్తుగా మాఱుటయే మా యాక్షేపము.

యంత్రమేమైనదను ప్రశ్నకు సమాధానము మెల్లగా వచ్చినది. దిగుటలో రెండవదశయందు వేగము అనుకొన్నదానికన్న ఎక్కువగా తగ్గినదని ఆ నవంబరులో పార్లమెంటునకు తెలిపిరి. ఇంజిన్లు అధికబలము నిచ్చుటను, దిగవలసిన చోటు 500 మీటర్ల చదరముగా మిక్కిలి ఇఱుకగుటను 2023 జూలైలో అధ్యక్షుడు సోమనాథ్ వివరించెను. కౌగిలిని గుర్తుంచుకొన్నవారిలో ఈ వివరములను ఎఱిగినవారు ఎందఱు? కరుణము ప్రశ్నను నిద్రపుచ్చగలదు.

శ్రీహరికోటలోనే దీనికి భిన్నమైన ఘట్టమొకటి కలదు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 సముద్రము పాలైనప్పుడు సతీశ్ ధవన్ పత్రికలవారి యెదుట తానే నిలిచి బాధ్యత వహించెను. మఱుసటి యేడు జూలై 18న విజయము కలుగగా మాటలాడుటకు అబ్దుల్ కలామును పంపెను. ఈ సంగతిని కలామే పలుమాఱులు చెప్పెను. అపజయమున ముందు నిలిచి, విజయమున వెనుకకు తగ్గుట దృశ్యముగా అంత రక్తి కట్టదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగు వేళ జొహానెస్‌బర్గునుండి ప్రధానమంత్రి తెరపై కానవచ్చుట ఇందుకు ప్రతిగా నిలుచును. భరతుని క్రమమును తలక్రిందుచేసి అద్భుతమునుండి వీరమును, అదియును మఱొకరి వీరమును, పుట్టించు విధానమిది.

అయితే రసవిచారము చేయు మేమును తెరమీది పాత్రలనే చూచుచున్నామను నింద తప్పదు. 1969లో ఈ ద్వీపమును రాకెట్టు కేంద్రమునకు ఎన్నుకొనునాటికి ఇచటి యడవిలో యానాదులు కాపురముండిరి. దుంపలు త్రవ్వుకొని, తేనె పట్టి, చేపలు వేటాడి బ్రతికినవారు. సుమారు 43 వేల యెకరముల ఈ నేలనుండి వారి పల్లెలు లేచిపోయినవి. వీక్షణశాల కట్టిన ద్వీపము వారిది. లెక్క సున్నకు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టువారి భావమునకు వారు ఆశ్రయమును గారు, ఆలంబనమును గారు. నేపథ్యమను పదమునకు మా శాస్త్రమున తెఱవెనుక చోటని యర్థము. ఇచట దానికి మనుష్యులను అర్థముగా చెప్పవలసివచ్చుచున్నది.