కార్పెట్ కింద రాగి

బ్యాటరీని డిక్కీలోకి మార్చిన కారు ఎవరైనా చూపిస్తే నేను ముందుగా డిక్కీ తెరవమనను. ఎడమ తలుపు తీసి, గడప మీది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ అంచు కాస్త లేపమంటాను. పనిచేసిన చెయ్యి ఎలాంటిదో అక్కడ తెలిసిపోతుంది. మంచి మేస్త్రీ వేసిన కేబుల్ ఎక్కడా మెలి తిరగదు, ఎక్కడా బిగుసుకోదు. జానెడుకో క్లిప్పు చొప్పున గడప వెంబడే సాగి, వెనక సీటు కింద మెల్లగా వంగి, రబ్బరు గ్రామెట్‌లోంచి డిక్కీలోకి దూరుతుంది. కారు యజమాని దాన్ని జన్మలో మళ్లీ చూడడు. చూడడని తెలిసి కూడా అంత శ్రద్ధ పెట్టిన చెయ్యి ఉంది చూశారూ, దానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

మా మైలవరం వైపు నేను మొదట ఈ పని చూసింది ఒక అంబాసిడర్‌లో. పెట్రోలు ఇంజన్ దించేసి డీజిల్ ఎక్కించుకున్న కారు. డీజిల్‌కి సెల్ఫ్ కొట్టాలంటే పెద్ద బ్యాటరీ కావాలి. బానెట్ కింద దానికి చోటు లేదు, ఉన్న కాస్త చోటూ కొలిమిలా కాగుతోంది. మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. దాని మీద ఇంజన్ వేడి. పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఈ వృత్తిలో ఒక మోటు లెక్క. మూడు నాలుగేళ్లు రావాల్సిన బ్యాటరీ రెండు ఎండాకాలాలకే చేతులెత్తేస్తే, దాన్ని నీడకు తీసుకుపోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఇంకో కారణం బరువు. మారుతి 800 మొత్తం బరువే 650 కిలోల చిల్లర. ఇంజనూ గేర్‌బాక్సూ ముందే ఉన్న కారు కాబట్టి అందులో సగానికి మించిన భారం ముందు చక్రాల మీదే ఉంటుంది. అలాంటి కారులో ఎస్టీమ్ కారు పెద్ద ఇంజన్ ఎక్కించే కుర్రాళ్లు దక్షిణాదిలో ఒకప్పుడు ఊరికొకరు ఉండేవారు. ముక్కు ఇంకా బరువెక్కుతుంది, మలుపులో కారు బయటికి జారుకుంటూ పోతుంది. పది పన్నెండు కిలోల బ్యాటరీని ముందు నుంచి వెనక చక్రాల మీదికి తెస్తే దాదాపు రెండు శాతం బరువు చోటు మారినట్టు. వినడానికి చిన్న అంకె. ఆగిరిపల్లి రోడ్డు మలుపుల్లో ఆ కారు తోలిన వాళ్లను అడగండి, స్టీరింగ్‌లో తేడా ఎంతో చేతులతో చూపిస్తారు.

ఈ పనిని గల్లీ వేషాలని కొట్టిపారేసే పెద్దమనుషులు ఒకటి గుర్తుంచుకోవాలి. 1959లో బజారుకొచ్చిన మినీ కారును అలెక్ ఇసిగోనిస్ గీసినప్పుడు బ్యాటరీని పెట్టింది డిక్కీ అడుగునే. ఆ మినీయే 1964లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. బీఎండబ్ల్యూ ఎన్నో మోడళ్లలో డిక్కీలోనే పెట్టింది. తొలితరం మాజ్డా ఎంఎక్స్-5లో కూడా అంతే. అక్కడ ఇంజనీర్లు కాగితం మీద చేసిన పనిని మావాళ్లు నేల మీద గొంతుక్కూర్చుని చేశారు.

ఈ పనికి చరిత్ర రాసిపెట్టిన వాళ్లు పెద్దగా లేరు. 1960లలో బెజవాడలో పటమట పక్కన ఆటోనగర్ వెలిశాక లారీ బాడీలు కట్టే వాళ్లూ, ఇంజన్ పనివాళ్లూ, వైరింగ్ వాళ్లూ ఒక చోటికి చేరారు. వాళ్ల దగ్గర పని నేర్చిన శిష్యులు కొండపల్లి, మైలవరం, తిరువూరు రోడ్డు పొడుగునా షెడ్లు వేసుకున్నారని చెప్పుకుంటారు. మోటారు పని తెలుగువాడి చేతిలో ఎంత బాగా ఒదుగుతుందో తెలియాలంటే కోయంబత్తూరు వైపు చూడాలి. అక్కడి తెలుగు కుటుంబాల్లోంచే 1937లో విద్యుత్ మోటారు తయారుచేసిన జి.డి. నాయుడు వచ్చాడు. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కార్లు కట్టిన ఎస్. కరివర్ధన్ వచ్చాడు. అంతెందుకు, 1985లో మొదలైన అమరరాజా వాళ్ల బ్యాటరీలు తయారయ్యేది మన తిరుపతి దగ్గర కరకంబాడిలో. బ్యాటరీ మనది, చెయ్యి మనది. ఇక మాట్లాడాల్సింది మధ్యలోని తీగ గురించే.

అసలు కథంతా ఆ తీగలోనే ఉంది. బ్యాటరీ బానెట్ కింద ఉన్నప్పుడు సెల్ఫ్ మోటారుకు మూరెడు కేబుల్ చాలు. డిక్కీ నుంచి తేవాలంటే అయిదు మీటర్లు, అంటే పదహారు అడుగులు. సెల్ఫ్ కొట్టిన ఆ రెండు క్షణాల్లో పెట్రోలు కారైనా 200 ఆంపియర్ల దాకా లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే ఆ దూరంలో అర వోల్టు పోతుంది. డబ్బు మిగులుతుందని 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది ఒక వోల్టు పైమాటే. పన్నెండు వోల్టుల బండిలో ఒక వోల్టు అంటే పొద్దున్నే సెల్ఫ్ మూలగడానికీ గర్జించడానికీ మధ్య ఉన్న తేడా.

ఆటోనగర్‌లో నేను గురువుగా భావించే పెద్దాయన ఒకరున్నారు. అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన బజారులో దొరికే రంగురంగుల బ్యాటరీ కేబుల్ ముట్టుకోరు. వెల్డింగ్ కేబులే తెప్పిస్తారు. వెంట్రుకల్లాంటి సన్నటి రాగి పోగులు వందల కొద్దీ ఉంటాయి అందులో. నీళ్ల పైపులా వంగుతుంది, పైన రబ్బరు తొడుగు వేడికీ నూనెకూ తట్టుకుంటుంది. చేత్తో బరువు చూసి, చివర కోసి, పోగులు విప్పి బొటనవేలితో నలిపి చూస్తారు. ఆ తర్వాతే మీటర్ల లెక్క.

కేబుల్ చివర లగ్గు, అంటే బోల్టుకు తగిలించే కొస, నొక్కడం ఆయన చేస్తుంటే పక్కన నిలబడి చూడాల్సిన పని. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి సీసం పోసేస్తే అయిపోయిందనుకునే వాళ్లే ఎక్కువ. భాయ్ హైడ్రాలిక్ ప్రెస్సులో సరైన అచ్చు పెట్టి, ఒకే ఊపున నొక్కుతారు. ఒకసారి నాకు చూపించడానికని, తాను నొక్కిన లగ్గునే హాక్సా బ్లేడుతో అడ్డంగా కోశారు. లోపల గుండ్రటి పోగులన్నీ ఒకదాన్నొకటి ఒత్తుకుని ఆరు పలకలుగా మారిపోయి, అచ్చం తేనెపట్టు అరల్లా కనిపించాయి. సూది దూరేంత ఖాళీ లేదు. "గాలి దూరితే చిలుము దూరినట్టే బాబూ," అన్నారు. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఎర్త్ దగ్గర ఆయన పట్టింపు మరీ ఎక్కువ. ప్లస్ వైరుకు పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా మైనస్‌కు పెట్టరు జనం. కరెంటు వెళ్లినంతా తిరిగి రావాలి కదా! డిక్కీలో బాడీ మీద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము తళతళలాడే దాకా ఎమరీ పట్టి, పళ్ల వాషరుతో బోల్టు బిగించి, పైన వాజలిన్ రాస్తారు. ముందు ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న అల్లిక పట్టీ తీసేసి కొత్తది వేస్తారు. పాత పట్టీ మీద నమ్మకం పెట్టుకుంటే వెనక చేసిన పనంతా గంగపాలే.

ఫ్యూజు గురించి చెప్పకపోతే పాపం. డిక్కీ నుంచి ఇంజను దాకా పాకిన ఆ కేబుల్‌కు దారిలో ఎక్కడ తొడుగు చిరిగి బాడీకి తగిలినా, వెయ్యి ఆంపియర్లకు పైగా ఒక్కసారి పారుతుంది. కార్పెట్ అంటుకోవడానికి అరక్షణం చాలు. అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే మెగా ఫ్యూజు ఉండాలి. ఇనుప రేకుకు కన్నం పడిన ప్రతిచోటా గ్రామెట్ ఉండాలి. పెట్రోలు పైపు ఒక పక్కన పోతుంటే కేబుల్ రెండో పక్కన పోవాలి, సైలెన్సర్ ఛాయలకు పోకూడదు. బీఎండబ్ల్యూ వాళ్లు గుద్దుకున్న క్షణంలో చిన్న మందుగుండుతో టెర్మినల్ ఊడిపోయే ఏర్పాటు పెట్టారు. అంత పెద్ద కంపెనీ అంత భయపడిన చోట మనం ఫ్యూజు ఖర్చుకు వెనకాడితే ఎలా?

బ్యాటరీని కూర్చోబెట్టడం కూడా విద్యే. మన స్టీరింగ్ కుడి వైపు కాబట్టి డ్రైవరు బరువుకు సరితూగేలా ఎడమ మూలన పెడతారు. రేకు మరలతో ట్రే బిగించి వదిలేసే వాళ్లున్నారు. గట్టిగా గుద్దుకున్నప్పుడు పన్నెండు కిలోల బ్యాటరీ రెండు మూడు వందల కిలోల బలంతో ముందుకు దూకుతుంది, వెనక సీట్లో పిల్లలుంటారు. బోల్టు నేల కిందికి దిగి, అడుగున వెడల్పాటి పట్టీ పట్టుకోవాలి. నీళ్లు పోసే మామూలు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు పేలడానికి. కాబట్టి మూతపెట్టెలో పెట్టి, గొట్టం నేలలోంచి బయటికి తీయాలి. లేదా ఏజీఎం రకం సీల్డు బ్యాటరీ కొనాలి, దానిక్కూడా గాలి దారి ఉంచాలి.

అంతా అయ్యాక భాయ్ పరీక్ష పెడతారు. మీటరు ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది పొడుగు తీగతో సెల్ఫ్ బోల్టు మీద పెట్టి, శిష్యుణ్ణి తాళం తిప్పమంటారు. తీగలో పోతున్నదెంతో ఆ అంకె చెబుతుంది, అర వోల్టు దాటితే ఒప్పుకోరు. తర్వాత మీటరు పక్కన పెట్టి ఒక్కో జాయింటునూ వేలితో తాకుతూ పోతారు. వెచ్చగా తగిలితే అక్కడ దొంగ ఉన్నట్టు. మా స్నేహితుడి కారులో రెండు నెలలుగా ఎవరికీ దొరకని తప్పును ఆయన అలా వేలితోనే అయిదు నిమిషాల్లో పట్టుకున్నారు. నాకైతే దీనికి సాటి వచ్చే యంత్రం ఇంకా తగల్లేదు.

ఇప్పుడు కడుపు మండే సంగతికి వస్తాను. బజారు నిండా ఒక దొంగ తీగ దిగింది. పైన ఎర్రటి నున్నటి తొడుగు, మీద పెద్ద అంకెలు, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం. అసలు రాగిలో మూడింట రెండు వంతుల కరెంటు కూడా మోయలేదు. పైగా తొడుగు లావుగా వేసి లోపల పోగులు తగ్గిస్తారు, 35 అని రాసిన దానిలో 16 కూడా ఉండదు. లెక్క వేయండి: 200 ఆంపియర్లకు అయిదు మీటర్లలో వోల్టున్నరకు పైగా గోవిందా. లగ్గులో నొక్కిన అల్యూమినియం వేడికి సాగి, చల్లారి, నెమ్మదిగా వదులైపోతుంది. వదులైన చోట ఇంకా వేడి పుడుతుంది. నా మొదటి కారుకు ఒక షాపులో ఇలాంటి కేబులే వేశారు. ఆరు నెలలకు కార్పెట్ కింద నుంచి పొగ లేచింది. ఆ రోజు మా అమ్మ వెనక సీట్లో ఉంది. అప్పటి నుంచి ఆ తీగ పేరెత్తితే నాకు ఒళ్లు మండిపోతుంది. దాన్ని తెలిసి అమ్మేవాడిని వ్యాపారి అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో బాధ ఉంది. వీడియో చూసి ఒక్క పూటలో బ్యాటరీ మార్పిడి కిట్టు బిగించే కుర్రాళ్లు అడుగుకో షాపు తెరిచారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను, అయిదేళ్లు చేతి కింద ఉండి నేర్చుకోమంటే ఇల్లెలా గడుస్తుంది? మరోపక్క కంపెనీ సర్వీసు సెంటర్లు మేస్త్రీని చూస్తేనే ముఖం తిప్పుకుంటాయి. కొత్త కార్ల సంగతి వేరని నేనూ ఒప్పుకుంటాను. బ్యాటరీ మైనస్ మీదే సెన్సరు కూర్చుని, కంప్యూటరుతో మాట్లాడే బండిలో ఈ పని పెట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది, ఇన్సూరెన్సు వాళ్లను ముందే అడగాలి. కానీ పాత బండి మీద ప్రేమ ఉన్నవాడికి, ర్యాలీకి పోయేవాడికి ఈ విద్య కావాలి. వాళ్ల కోసమైనా ఇది బతకాలి.

మాకు పక్కనే కొండపల్లి ఉంది. తెల్ల పొణికి కర్ర చెక్కే ఆ చేతులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. రాగిని తేనెపట్టులా నొక్కే చేతులకు కనీసం ఒక శిక్షణ తరగతి గది అయినా రాకూడదా? ఐటీఐల్లో మోటారు మెకానిక్ పిల్లలను నెలకో రోజు ఆటోనగర్ షెడ్లకు పంపండి. భాయ్ లాంటి వాళ్లకు ఆ రోజు కూలి ఇచ్చి, నల్లబల్ల ముందు కాకుండా కారు ముందు నిలబెట్టండి. ఆయనకు చూపు తగ్గుతోంది. శిష్యుల్లో ఒకడు గల్ఫ్ వెళ్లాడు, ఇంకొకడు సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు.

ఆలోగా కారున్న వాళ్లు చేయగలిగింది ఒకటుంది. కేబుల్ కొనేటప్పుడు కొట్టులోనే చివర అంగుళం కోయించండి. ఒక్క పోగు పైకి లాగి బ్లేడుతో గీకండి. లోపలిదాకా ఎర్రగా ఉంటే మీటర్లు కొలిపించుకోండి. తెల్లగా మెరిస్తే ఆ ముక్క కౌంటరు మీదే పెట్టి, పక్కన నిలబడ్డ కొనుగోలుదారుకు కూడా చూపించి రండి.