ముందు మ్యాగజైన్‌ను అనుమానించు

దసరా వస్తే కర్నూలు జిల్లా పోలీసులకు పగలొక పని, రాత్రొక పని. పగలు తుపాకులకు పసుపు కుంకుమలు పెట్టి ఆయుధపూజ చేస్తారు. రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు వెళ్లి, బన్ని ఉత్సవంలో భక్తులు తలపడే కర్రల మధ్య బందోబస్తు కాస్తారు. పూజ ఫొటోలు మర్నాడు పేపర్లో వస్తాయి. ఆయుధాలు దాచే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో వాటిని బాగుచేసే ఆర్మరర్ బల్ల మీద ఏడాది పొడవునా సాగే పని మాత్రం ఎవరి కంటా పడదు. నన్నడిగితే అసలు పూజ అదే.

ఆ బల్ల మీదికి వచ్చే ఒక చిన్న జబ్బు సంగతి చూద్దాం. బ్రౌనింగ్ తరహా 9 ఎంఎం పిస్టల్‌లో ఆఖరి తూటా పేలాక పైన జరిగే స్లైడ్ వెనకే నిలిచిపోవాలి. 13 తూటాలు పట్టే మ్యాగజైన్‌లో స్ప్రింగు, దాని మీద ఒక పలక ఉంటాయి. తూటాలు అయిపోగానే ఆ పలక పైకొచ్చి పక్కనున్న మీటను ఎత్తుతుంది, మీట పోయి స్లైడ్ గాడిలో పడుతుంది. పడలేదంటే స్లైడ్ మూసుకుపోతుంది, లోపల తూటా ఉందో లేదో కాల్చేవాడికి తెలియదు. ఏకే-47లో అసలు ఈ ఏర్పాటే లేదు. ఎన్నికల కోడ్ రాగానే గోనెగండ్ల లాంటి ఊళ్లలో లైసెన్సుదారులు స్టేషన్‌లో అప్పగించే డబుల్ బ్యారెల్‌కూ ఈ బెడద లేదు. మడత విప్పి చూస్తే గొట్టాల్లోంచి వెలుతురు కనబడుతుంది.

ఈ జబ్బును పట్టే విద్య గొప్పతనమంతా దేన్ని ముందు అనుమానించాలన్న వరసలో ఉంది. మొదట మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, తూటా కూర్చునే గదిని కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని తేల్చుకుంటారు. తర్వాత ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లైడ్‌ను గట్టిగా వెనక్కి లాగుతారు. ఆగకపోతే ఇంకో మ్యాగజైన్ పెట్టి చూస్తారు. దాంతో ఆగిందా, దొంగ మొదటి మ్యాగజైనే: స్ప్రింగు నీరసించి ఉంటుంది, లేదా పలక అరిగో మురికి పట్టో ఉంటుంది. అందుకే మ్యాగజైన్లకు నంబర్లు వేసుకోవడం మంచి అలవాటు.

చేత్తో లాగితే ఆగుతూ, కాల్చినప్పుడు మాత్రం ఆగకపోతే? అప్పుడు మనిషిని గమనించాలి. బొటనవేలు మీట మీద ఆనుతోందేమో, మణికట్టు వదులుగా ఉందేమో చూడాలి. తూటాలో బలం తగ్గినా ఇంతే. గ్యాస్‌తో నడిచే, ఆఖరి తూటాకు బోల్ట్ వెనక ఆగే రైఫిల్ అయితే మసి పట్టిన గ్యాస్ దారిని చూడాలి. మన ఎస్‌ఎల్‌ఆర్‌కు మూలమైన బెల్జియం ఎఫ్‌ఎన్ రైఫిల్‌కు గ్యాస్ సరిచేసే పద్ధతి ముచ్చటగా ఉంటుంది: ఒక్కో తూటానే నింపి కాలుస్తూ, బోల్ట్ వెనక ఆగేదాకా రెగ్యులేటర్‌ను గీత గీతగా బిగించి, ఆగాక ఇంకో రెండు గీతలు బిగిస్తారు.

ఆదోని పత్తి యార్డు చుట్టుపక్కల డ్యూటీ చేసే ఆయుధానికి నూనె ఎక్కువైనా ముప్పే. నూలుపోగు, నల్లరేగడి దుమ్ము అందులో కలిసి ముద్దకట్టి మీటను కదలనివ్వవు. తుడిచి, సన్నటి పొరగా నూనె రాస్తే చాలు.

ఇవన్నీ అయ్యాకే ఇనుము మీదికి అనుమానం పోవాలి. గాడి అంచు గుండ్రంగా అరిగితే ఆకురాయి పట్టాలని చేతులు దురద పెడతాయి. అలా అరగదీస్తే స్లైడ్ ఇవాళ ఆగుతుంది, రేపు చిన్న కుదుపుకే జారి మూసుకుంటుంది. పని తెలిసిన ఆర్మరర్ కొత్త భాగానికి ఇండెంటు రాసి, అది వచ్చేదాకా ఆ పిస్టల్‌ను డ్యూటీకి ఇవ్వడు.