కథ ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ తప్పుకోవాలి

‘దిద్దుబాటు’ను గురజాడ అర్ధరాత్రి వేళ, ఇంటి గుమ్మం దగ్గర ఎత్తుకున్నారు. గోపాలరావు తలుపు కోసం పిలుస్తాడు. లోపల భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది. అతనెవరో, ఏం చదివాడో, ఇంత రాత్రిదాకా ఎక్కడ తిరిగాడో రచయిత ముందుగా పరిచయం చెయ్యలేదు. అతని కంగారులోంచి, నౌకరు రాముడి మీద చూపిన కోపంలోంచి, కమలిని ఉత్తరంలోంచి ఆ సంగతులు ఒక్కొక్కటే మనకు తెలుస్తాయి. ‘అనగనగా’ అని మొదటినుంచీ చెప్పుకొచ్చే అలవాటున్న జాతికి 1910లో ఇది కొత్త నడక. అంతకు ముందే 1902లో బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాశారు కాబట్టి తొలి కథ ఏదన్న వాదం ఉంది. అది చరిత్రకారులు తేల్చాల్సిన సంగతి. ఎత్తుగడ ఎలా ఉండాలో నేర్చుకోవడానికి మాత్రం నేను ‘దిద్దుబాటు’నే చూపిస్తాను. కథ మొదలయ్యేసరికే ఆ ఇంట్లో ఏదో జరిగిపోయి ఉంది. పాఠకుడు గోపాలరావుతో పాటే లోపలికి వెళ్లి, అతనితో పాటే వెతుకుతాడు.

ఎత్తుగడ కుదిరాక అసలు పరీక్ష మొదలవుతుంది. రచయిత తన అభిప్రాయాన్ని ఎంతవరకు బిగపట్టగలడు? ఈ విద్యలో కాళీపట్నం రామారావు (కారా) మాస్టారి ‘యజ్ఞం’ను మించింది నాకు కనిపించలేదు. అప్పల్రాముడు అప్పు తీర్చాలి. ఊరి పెద్దలు కూర్చున్నారు. పెద్దమనిషి శ్రీరాములునాయుడు న్యాయం తప్పే మనిషి కాడు. పేజీలకు పేజీలు తగువు నడుస్తుంది. ఊరు ఎలా బాగుపడిందో, ఎవరి చేతిలో ఎంత భూమి ఉందో, ఎవరి మాటకు ఎంత విలువుందో అంతా ఆ సాగతీతలోనే బయటపడుతుంది. తొలిసారి చదివేవారికి ఇంత పొడుగెందుకని విసుగు పుట్టవచ్చు. ఆ పొడుగే కథకు ప్రాణం. ప్రతి పక్షానికీ దాని వాదన పూర్తిగా చెప్పుకునే అవకాశం ఇచ్చారు మాస్టారు. అప్పు తీర్చడమే ధర్మమని మనం కూడా మెల్లగా ఒప్పుకుంటాం. అప్పుడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిస బతుకు బతకకూడదని, ఆ బిడ్డనే నరికి సభ ముందుకు తెస్తాడు. అంతసేపూ న్యాయమని తలూపిన మనం కూడా ఆ తగువులో భాగస్థులమయ్యామని అప్పుడు తెలిసొస్తుంది. ఎవరిది తప్పో మాస్టారు ఒక్క మాట కూడా అనరు. ఆ ముగింపు సబబా కాదా అని దశాబ్దాలపాటు వాదోపవాదాలు నడిచాయి. ఆ తీర్పు ఆయనే చెప్పి ఉంటే అంత వాదం పుట్టేది కాదు.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ దారి వేరు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ అది. ఒక రాత్రి, ఒక రైల్వే స్టేషను, నియమాల మనిషి రావుగారు, ఒక బిచ్చగత్తె. గాలివానకు స్టేషను కూలుతుంటే, రావుగారు ఇన్నేళ్లూ కట్టుకున్న నమ్మకాలూ దానితో పాటే కదిలిపోతాయి. బయటి సంఘటనకూ లోపలి మార్పుకూ మధ్య రచయిత వ్యాఖ్యానం చొరబడలేదు.

ఇక మాట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి సంభాషణలతోనే కథ మొత్తం నడిపేస్తారు. గోదావరి ఇళ్లలోని పలుకుబడి వింటుంటే మనిషి వయసూ, హోదా, మనసులోని మెలికా వర్ణన లేకుండానే పట్టుబడతాయి. రావిశాస్త్రి విశాఖలో వకీలు. ఆయన కథల్లో కోర్టుల చుట్టూ, సారా దుకాణాల చుట్టూ తిరిగే మనుషుల భాష వాళ్ల బతుకంత బరువుగా ఉంటుంది. యాసను అలంకారంగా అతికించే కథలకూ వీటికీ తేడా ఇదే: ఇక్కడ పాత్ర మరోలా మాట్లాడలేదు.

ఇప్పుడొస్తున్న కథల్లో నన్ను బాధపెట్టేవి రెండున్నాయి. ఒకటి కొసమెరుపు మీద మోజు. చివరి వాక్యం కోసమే రాసిన కథను రెండోసారి చదవలేం. రెండోది చివరి పేరాలో పాత్రచేత రచయిత చెప్పించే ఉపన్యాసం. అక్కడిదాకా పాత్రలు నిలబెట్టిన బరువును ఆ పేరా తీసి పక్కన పెట్టేస్తుంది. వస్తువు గొప్పదైతే చాలనుకోవడం వల్లే ఈ రెండు లోపాలూ వస్తున్నాయని నా నమ్మకం. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ అని ఒక పుస్తకమే రాశారు. కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న ఆ పుస్తకాన్ని కథ రాయాలనుకునేవారు దగ్గర పెట్టుకోవాలి.

అంతకన్నా ముందు కథలు చదవాలి. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలను వేల సంఖ్యలో సేకరించి భద్రపరిచింది. అక్కడికి వెళ్లలేనివారు ఆన్‌లైన్లో కూడా ఎన్నో చదువుకోవచ్చు. ‘యజ్ఞం’ను రెండుసార్లు చదవండి. మొదటిసారి కథ కోసం. రెండోసారి పెన్సిలు పట్టుకుని, రచయిత నోరు విప్పగలిగి కూడా విప్పని చోటల్లా గీత గీయండి. ఆ తర్వాత మీ కథ తీసి, మీరు నోరు విప్పిన చోట్లు కొట్టేయండి.