కావ్యం చెప్పిన సాక్ష్యం: మల్లంపల్లి, చెన్ యిన్‌కె

థాంగ్ వంశపు చక్రవర్తి శ్వాన్‌జోంగ్, అతని ప్రియురాలు యాంగ్ గుయిఫెయ్‌ల ప్రేమని బై జూయి అనే కవి 806లో కావ్యం చేశాడు. ఏడో నెల ఏడో రాత్రి, హువాచింగ్ భవనంలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, ఇద్దరూ ఎన్నడూ విడిపోమని ఒట్టేసుకుంటారు. చైనాలో నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిన ఘట్టమది. వెయ్యేళ్ళు పైబడ్డాక ఒక చరిత్రకారుడు రాజుగారి ప్రయాణాల లెక్క తీశాడు. హువాచింగ్‌లో ఉన్నవి వేడినీటి బుగ్గలు. రాజు అక్కడికి చలికాలంలో వెళ్ళేవాడు, ఎండాకాలంలో వెళ్ళిన దాఖలా లేదు. పైగా వాళ్ళు ఒట్టేసుకున్నట్టు కవి చెప్పిన మందిరం దేవతల కొలువుకి కట్టింది, ఏకాంతానికి పనికొచ్చేది కాదు. కవి పొరపాటు పడ్డాడని ఆ చరిత్రకారుడు తేల్చేశాడు. అలాగని కావ్యాన్ని అవతల పారేయలేదు. ఆ పొరపాటు ఎలా పుట్టిందన్నది కూడా చరిత్రేనన్నాడు.

ఆయన చెన్ యిన్‌కె (1890-1969). ఆయన పక్కన పెట్టి చదవదగ్గ మనవాడెవరని వెతికితే వాల్తేరు కొండమీదే దొరుకుతాడు: మల్లంపల్లి సోమశేఖర శర్మ (1891-1963). వయసులో ఏడాది తేడా. ఇద్దరికీ విశ్వవిద్యాలయపు పట్టా లేదు, ఇద్దరూ విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పారు. ఇద్దరి ఆఖరి కొలువూ రేవు పట్నంలోనే: ఆయనది గ్వాంగ్‌జౌ, ఈయనది విశాఖపట్నం. ఈ పోలికలు ముచ్చటగా ఉంటాయి గాని వీటిమీదే ఆగిపోతే విమర్శ జాతకం చూడటమవుతుంది. అసలు పోలిక వేరు. కవిత్వాన్ని చరిత్ర బోనులోకి సాక్షిగా పిలవడం ఇద్దరి పద్ధతి. ఆ సాక్షిని అడిగిన ప్రశ్నలు మాత్రం ఒకటి కావు.

పట్టా సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే రెండు లేమిలూ ఒకటి కాదు. చెన్ తాత హునాన్ రాష్ట్ర గవర్నరు. 1898 సంస్కరణలు కూలినప్పుడు పదవి పోగొట్టుకున్నాడు. తండ్రి పేరున్న కవి. కొడుకు బెర్లిన్, జ్యూరిక్, పారిస్, హార్వర్డ్ తిరిగి సంస్కృతం, పాళీ లాంటి భాషలెన్నో నేర్చి, డిగ్రీ మీద మోజు లేక తీసుకోలేదు. సింగ్‌హువా విశ్వవిద్యాలయం పిలిచి పీఠం వేసింది. మినుమించిలిపాడులో పుట్టిన మల్లంపల్లికి అలాంటి వెసులుబాటు లేదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిలో చేరి, శాసనాలు చదువుతూ చదువుతూ పండితుడయ్యారు. ఒకరు పట్టా వద్దనుకున్నారు, ఒకరికి పట్టా దాకా దారే లేదు.

యుద్ధం ఇద్దరి కథల్లోనూ ఉంది. 1941 డిసెంబరులో జపాన్ సేనలు హాంకాంగ్‌ని పట్టుకున్నప్పుడు చెన్ అక్కడే ఉన్నారు. మరుసటి ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకి తరలిపోయింది. అది మళ్ళీ వాల్తేరు చేరాక, 1948లో, మల్లంపల్లి ప్రధాన గ్రంథం ‘హిస్టరీ ఆఫ్ ది రెడ్డి కింగ్‌డమ్స్’ని అచ్చువేసింది. రెండేళ్ళకి, 1950లో, బై జూయి, యువాన్ చెన్ కవితల మీద చెన్ రాసిన వ్యాఖ్యానం గ్వాంగ్‌జౌలో వెలువడింది. ఈ రెండు పుస్తకాలే ఎదురెదురుగా పెట్టి చదవాల్సినవి.

రెడ్డిరాజుల చరిత్ర రాయాలంటే మల్లంపల్లికి ఏముంది? రాళ్ళు, రాగిరేకులు, కావ్యాల అవతారికలు. చైనాలోలాగ ప్రతి వంశానికీ ఆస్థానం రాయించిన చరిత్ర మనకి లేదు. అందుకని ఆయన శాసనాన్నీ కావ్యాన్నీ జోడెద్దుల్లా కట్టి దున్నారు. మోటుపల్లి రేవులో 1358లో అనపోతారెడ్డి వేయించిన శాసనం వర్తకులకి అభయమిచ్చి సుంకాలు తగ్గించింది. అయితే ఆ రేవుల్లో దిగిన సరుకేమిటో తెలియాలంటే శ్రీనాథుడి హరవిలాసం తెరవాలి. దాన్ని అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి సముద్ర వర్తకుడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా పట్టు, కర్పూరం వచ్చాయని కవి వరసపెట్టి చెప్పాడు. ఓడల రకాల్లో చీనావాళ్ళ జోంగు కూడా ఉంది. శాసనం సుంకం చెబితే కావ్యం సరుకు చెబుతుంది. రేవు బతుకు తెలిసిన విశాఖవాడికి ఇది పద్యంలా కాక ఓడ సరుకుల చిట్టాలా వినిపిస్తే తప్పులేదు. మల్లంపల్లి చరిత్రలో రాజుల యుద్ధాలతో పాటు వ్యాపారం, వినోదం, మతం, ఊరి కట్టుబాట్లు అంత చోటు సంపాదించుకోవడానికి కారణం ఈ జోడింపే.

ఇబ్బంది మరో చోట వస్తుంది. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల్ని పొగుడుతూ శ్రీనాథుడు వాళ్ళ ఉత్తరదేశపు జైత్రయాత్రల్ని ఏకరువు పెడతాడు. మన పక్కనున్న ఒడ్డాది మత్స్యరాజులూ ఆ జాబితాలో ఉన్నారు. అంకితం పుచ్చుకునే ఇంట కూర్చుని కవి చదివిన జాబితా ఇది. ఓడిపోయిన ఒడ్డాది ఏమంటుందో ఎక్కడా లేదు. సరుకుల చిట్టాకి ఇచ్చినంత విలువ గెలుపుల చిట్టాకీ ఇవ్వొచ్చా? ఇలాంటి స్తుతుల్ని మల్లంపల్లి కొంచెం ఉదారంగానే నమ్మారని నా అభిప్రాయం. తేదీ దగ్గర, వంశవృక్షం దగ్గర ఆయన చూపిన పట్టుదల పొగడ్త దగ్గర సడలింది. చెన్ అయితే కవి ఎవరి ఉప్పు తింటున్నాడన్న ప్రశ్నతో మొదలుపెట్టేవాడు. థాంగ్ రాజ్యపు చివరి రోజుల్లో వెయ్ జువాంగ్ అనే కవి రాజధాని దోపిడీ మీద గొప్ప కావ్యం రాసి, తర్వాత తన కావ్యాన్ని తానే దాచేశాడు. ఎందుకు దాచాడంటే, ఆ దోపిడీ కాలంలో అటు కదిలిన సైన్యపు నాయకులే తర్వాత అతనికి కొలువిచ్చిన ప్రభువులయ్యారని చెన్ దారులు గీసి చూపాడు. కవి మాటల్నే కాదు, మౌనాన్నీ నిలదీశాడు.

ఇక్కడితో ఆపితే చెన్‌కి గెలుపు కట్టబెట్టినట్టే. కానీ ఇద్దరూ తమ పద్ధతి దాటిన సందర్భాలున్నాయి, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి అవే.

1945లో మల్లంపల్లి ‘ఎ ఫర్‌గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్రా హిస్టరీ’ రాశారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ముసునూరి నాయకులు తిరగబడిన కథ. నేలటూరి వెంకటరమణయ్యతో కలిసి ఆయన పరిష్కరించిన ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం, రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనం (1423) ఈ చరిత్రకి ఆయువుపట్లు. మరిచిపోయిన వంశాన్ని రాగిరేకుల్లోంచి పైకి తీయడం మామూలు పని కాదు. ఈ ఒక్క పనికే ఆయన పేరు నిలుస్తుంది. అయితే స్వాతంత్ర్యం గుమ్మంలో ఉన్న ఏడాది అది. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న కోరికా ముదురుతోంది. నాయకుల తిరుగుబాటు ఆ పుస్తకంలో ఒక జాతి మేలుకొలుపుగా వినిపిస్తుంది. పద్నాలుగో శతాబ్దపు దండనాయకులు అలా అనుకున్నారో లేదో రాగిరేకు చెప్పలేదు.

మరి సందేహమే ఆయుధమైన చెన్? ఒక కన్ను 1937లో దెబ్బతింది, 1945కల్లా రెండోదీ పోయింది. ఇంగ్లండ్‌లో శస్త్రచికిత్స ఫలించలేదు. 1953లో బీజింగ్ పెద్ద పదవికి పిలిస్తే, తన సంస్థలో మార్క్సిజం పాఠాలుండకూడదని షరతు పెట్టి వెళ్ళకుండా ఉండిపోయాడు. ఆ తర్వాత పదేళ్ళు, సహాయకురాలు చదువుతుంటే వింటూ, తాను చెబుతుంటే రాయిస్తూ, దాదాపు ఎనిమిది లక్షల అక్షరాల గ్రంథం పూర్తిచేశాడు. విషయం లియు రుషి, మింగ్ రాజ్యం కూలినకాలపు వేశ్య, కవయిత్రి. ఆమె, ఆమె భర్త ఛియెన్ ఛియెన్‌యి మంచూ పాలన మీద రహస్యంగా పోరాడారని, ఆ జాడలు వాళ్ళ పద్యాల్లో సంకేతాలుగా ఉన్నాయని ఆయన వాదన. రాజు ఏ నెలలో ఎక్కడున్నాడో లెక్కగట్టిన మనిషే ఇక్కడ ఒక ఉపమ వెనక ఉపమ పట్టుకుని రహస్యోద్యమం దాకా నడిచాడు. కొన్నిచోట్ల ఆ దారి మనిషి బరువు మోయదు. లొంగిపోని ఒక స్త్రీ ఆయనకి కావలసి వచ్చింది. ఎందుకో ఆయన బతుకు చూస్తే తెలుస్తూనే ఉంది. సాంస్కృతిక విప్లవం వేధింపుల మధ్య 1969లో పోయాడు. పుస్తకం 1980లో గాని అచ్చు కాలేదు.

కాబట్టి ఒకరు నమ్మినవారు, ఒకరు శంకించినవారు అన్న విభజన నిలవదు. తన కాలం తట్టిన చోట ఇద్దరూ నమ్మారు. తేడా ఏమంటే మల్లంపల్లి నమ్మింది సమూహాన్ని, చెన్ నమ్మింది ఒంటరి మనిషిని.

భాషలోనూ చిత్రమే. దేశాలు తిరిగిన చెన్ జీవితాంతం పాత సాహిత్య భాషలోనే రాశాడు, వాడుక చైనీస్ జోలికి పోలేదు. విదేశం మొహం చూడని మల్లంపల్లి పెద్ద గ్రంథాల్ని ఇంగ్లీషులో రాశారు, తెలుగుని వ్యాసాలకి ఉంచారు. విశ్వవిద్యాలయం గుర్తించే భాష అదే మరి. దాంతో రెడ్డిరాజ్యాల మీద ఆయన మేటి వాదాలు శ్రీనాథుడి పాఠకులకి ఆలస్యంగా అందాయి.

చివరగా అనితల్లి. కాటయవేముడి కూతురు, వీరభద్రారెడ్డి భార్య, ముసునూరి కథకి ఆధారమైన శాసనం ఆమెదే. అయినా మల్లంపల్లి రాతలో ఆమె వంశాల్ని కలిపే ముడిగా కనిపిస్తుంది గాని మనిషిగా కనిపించదు. చెన్ ఒక వేశ్యకి మూడు సంపుటాలిచ్చాడు కదా అని ఇక్కడ మల్లంపల్లిని తప్పుపట్టడం సుళువు, అన్యాయం కూడా. లియు రుషి తన పద్యాలు తాను రాసుకుంది. అనితల్లి పేర ఉన్నది ఆస్థాన పండితుడి సంస్కృతం. అయినా ఆ రాగిరేకుని ఆమె వైపు నుంచి చదివే పని, అది ఎంత చిన్నదైనా, వాల్తేరులో ఎవరో ఒకరు ఎత్తుకోవలసినదే.